పాత ఇంటికి బ్యాకప్ కరెంటు: అబ్బాయికి ఉత్తరం

నాన్నా,

నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చదివాను. ఇల్లంతటినీ మోసే జనరేటర్ ఒకటి, మామూలు ఇన్వర్టర్ బ్యాటరీలు ఒకటి, సోలార్‌తో కలిపి లిథియం బ్యాటరీ ఒకటి. ఎన్ని కిలోవాట్లు, ఎన్ని గంటలు, ఎన్నేళ్ల వారంటీ అన్నీ రాశారు. ఇల్లు ఎలాంటిదో మాత్రం ఒక్కరూ రాయలేదు. గోడలు గానుగ సున్నానివని, పైకప్పు చెక్క దూలాల మీద ఉందని, వైరింగ్‌లో చాలా భాగం తాతగారి కాలానిదని వాళ్లకు తెలిసినట్టే లేదు. అందుకే ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకముందే ఇది చదువు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇల్లంతటికీ బ్యాకప్ వద్దు. కరెంటు పోతే నిజంగా ఆగిపోకూడనివి ఏవో తేల్చుకుని, వాటికి మాత్రం కొత్తగా వేరే లైన్ లాగించు. ఆ లైన్‌కు సరిపోయే చిన్న లిథియం బ్యాటరీ పెట్టు. పదేళ్ల తర్వాత ఎవరైనా దాన్ని విప్పి తీసుకెళ్తే, అక్కడ అలాంటిది ఒకటి ఉండేదని కూడా ఇంటిని చూసి తెలియకూడదు.

బ్యాటరీ సంగతి కంటే ముందు వైరింగ్ సంగతి చూడాలి. మన ఇంట్లో చెక్క పట్టీల కింద పరిచిన వైర్ల పైన ఉన్నది రబ్బరు, దాని మీద నూలు గుడ్డ. ఆ రబ్బరు కాలం గడిచేకొద్దీ ఎండి పెళుసవుతుంది. కదపనంత కాలం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. స్విచ్ బోర్డు విప్పి వైరును కాస్త వంచితే పొడిపొడిగా రాలిపోతుంది. ఎర్త్ వైరు చాలా చోట్ల ఉండదు. రెండు మూడు గదులకు కలిపి ఒకే న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, వేయడం ఆ రోజుల్లో మామూలే. ఇన్వర్టర్ పెట్టడానికి వచ్చినవాళ్లు ఒక్క ఫేజు, అంటే కరెంటు వచ్చే తీగ, మాత్రం మార్చి, న్యూట్రల్‌ను అలాగే వదిలేస్తే ఇక్కడే చిక్కు వస్తుంది. ఇన్వర్టర్ లైన్, మామూలు లైన్ రెండింటి కరెంటూ ఒకే పాత తీగలో తిరిగి వస్తుంది. ఆ తీగ వేడెక్కినా ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) పడిపోదు, ఎందుకంటే అది కనిపెట్టి చూసేది ఫేజును. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే మాత్రం ఊరికే ట్రిప్ అవుతుంటుంది. అప్పుడు విసుగెత్తి దాన్నే తీసేసేవాళ్లుంటారు. నువ్వు ఆ పని ఎవరినీ చేయనివ్వకు.

కాబట్టి మొదట మెగ్గర్ టెస్ట్ చేయించు, అంటే వైరు పైతొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే పరీక్ష. బల్బులు, ఎలక్ట్రానిక్ వస్తువులు అన్నీ తీసేసి, ఒక్కో సర్క్యూట్‌ను 500 వోల్టుల దగ్గర కొలవాలి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ వచ్చిన సర్క్యూట్‌ను వాడుకలోంచి తీసేయాల్సిందే. దాని మీద ఏ బ్యాకప్ పెట్టినా ప్రమాదమే.

నేను మరీ భయపెడుతున్నానని అనుకోకు. ఇంగ్లండ్‌లో క్లాండన్ పార్క్ అని 18వ శతాబ్దపు భవనం ఉంది. 2015 ఏప్రిల్‌లో దాని బేస్‌మెంట్‌లో, అల్మరాలో ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డులో లోపం వల్ల నిప్పు పుట్టింది. గోడల వెనక ఖాళీల గుండా, లిఫ్ట్ షాఫ్ట్ గుండా పైకి పాకి పైకప్పు దాకా పోయింది. దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది ఒకే ఒక్క గది. పాత ఇళ్లలో చెక్క పలకల వెనక, అటక మీద, చెక్క సీలింగ్ పైన ఇలాంటి ఖాళీలు చాలా ఉంటాయి. పొగ బయటికి కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. బ్యాటరీ పెట్టే చోట, మెయిన్ బోర్డు దగ్గర, అటక మీద స్మోక్ అలారాలు పెట్టించు. ఈ ఖర్చు బ్యాకప్ ఖర్చులోనే కలిపి లెక్కేసుకో.

ఇక ఎంత కావాలో చూద్దాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఎనిమిది అంటే 72 వాట్లు. మామూలు ఫ్యాన్ 70, 80 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటు తీసుకునే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 దాకా, అవి నాలుగు అంటే 120. ఇంటర్నెట్ రౌటర్‌కు 12. ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి సగటున 60 వేసుకో. మొత్తం 264 వాట్లు. ఆరు గంటలకు సుమారు 1,600 వాట్ అవర్లు, ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 1,800. ఇంతే! 24 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం బ్యాటరీ ఒక్కటి చాలు, దాన్ని అడుగంటా వాడాల్సిన పని కూడా ఉండదు. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు క్షణకాలం కొన్ని రెట్లు ఎక్కువ లాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ మాత్రం కాస్త పెద్దది, ప్యూర్ సైన్ వేవ్‌ది, అంటే మెయిన్ కరెంటు లాంటి కరెంటే ఇచ్చేది, తీసుకో. గీజర్, ఏసీ, నీళ్ల మోటార్ ఈ లైన్ మీదకు రాకూడదు. మోటార్ కరెంటున్నప్పుడే వేసి ట్యాంకు నింపి ఉంచుకోండి. మెట్ల దగ్గర లైటు మాత్రం ఈ లైన్ మీదే ఉండాలి. ఆ మెట్లు ఎంత నిటారో నీకు తెలుసు, చీకట్లో నానమ్మ దిగుతుందంటే నాకు ఇక్కడ టెన్షన్.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఇదే లోడ్‌కు 150 ఏహెచ్‌వి రెండు కావాలి, ఎందుకంటే వాటిని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా పాడవుతాయి. ఒక్కోటి 50 కిలోలు దాటుతుంది, పై అంతస్తు చెక్క నేల మీద అంత బరువు ఒకే చోట పెట్టలేం. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది యాసిడ్. సల్ఫ్యూరిక్ యాసిడ్ పడితే సున్నం పొంగి కరిగిపోతుంది. సున్నపు గచ్చు మీద, సున్నపురాయి మీద పడిన ఆ మరక ఎప్పటికీ పోదు. వందేళ్లుగా నున్నగా అరిగిన గచ్చును మళ్లీ అలా తయారు చేయడం ఎవరి వల్లా కాదు నాన్నా.

లిథియంలో కూడా ఐరన్ ఫాస్ఫేట్ రకమే తీసుకో. ఫోన్లలో వాడే రకాల కంటే అది వేడికి ఎక్కువ తట్టుకుంటుంది. అయినా మెట్ల కింద, పడకగదుల్లో, అటక మీద పెట్టొద్దు. ఏదైనా జరిగితే మనుషులు బయటికి రావాల్సిన దారిలో అది ఉండకూడదు. పెరట్లో విడిగా ఉన్న సామాన్ల గది నాకు అన్నిటికంటే నచ్చింది. నీడ ఉంది, గాలి ఆడుతుంది, మెయిన్ బోర్డుకు దూరం కూడా తక్కువే.

జనరేటర్‌ను పూర్తిగా కాదనను. రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే బ్యాటరీ నింపడానికి చిన్నది ఒకటి ఉండొచ్చు. దాన్ని మాత్రం వరండాలో కూడా పెట్టొద్దు. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కిటికీలకు, తలుపులకు కనీసం 6 మీటర్ల దూరంలో, ఆరుబయట ఉండాలి. ఇంట్లో ప్లగ్ పాయింట్‌లోకి జనరేటర్ వైరు గుచ్చి నడిపేవాళ్లను చూసి నేర్చుకోకు. ఆ కరెంటు వెనక్కి వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులవుతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఇంటిని ఒకసారికి బయటి లైన్‌కో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్ తప్పనిసరి.

సోలార్ ఇప్పుడే తొందర లేదు. పాత పెంకుల మీద పలకలు బిగిస్తే బరువుకు బరువు, లీకులకు లీకులు. పెట్టాలనుకుంటే పెరట్లో నేల మీద ఫ్రేమ్ వేయించు. ఇంకో సంగతి, గ్రిడ్‌కు, అంటే బయటి కరెంటు లైన్‌కు, కలిపే మామూలు సోలార్ ఇన్వర్టర్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, అలా ఆగడం లైన్‌మన్ భద్రత కోసమే. బ్యాకప్‌గా పనికిరావాలంటే, కరెంటు లేనప్పుడూ బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. నీ కొటేషన్‌లో అది ఏ రకమో రాయలేదు, అడుగు.

కొత్త లైన్ లాగేటప్పుడు పక్కనే నిలబడు. గోడలకు గాడి కొట్టనివ్వకు, పైపు గోడ పైనుంచే పోనివ్వు. కన్నం వేయాల్సి వస్తే ఇటుకకో రాయికో కాదు, మధ్యలో ఉన్న సున్నపు సందులోనే వేయాలి, ఆ సందును మళ్లీ సున్నంతో పూడ్చుకోవచ్చు. సిమెంటుతో పూడిస్తే తేమ లోపలే ఉండిపోయి చుట్టూ ఉన్న సున్నం రాలిపోతుంది. ఇనుప మేకులు తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి, ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీల్‌వో వాడమను. పాత భవనాలను కాపాడేవాళ్లు 1979లో ఆస్ట్రేలియాలోని బుర్రాలో ఒక ఒప్పందం రాసుకున్నారు. అవసరమైనంత వరకే మార్చు, వీలైనంత తక్కువ ముట్టుకో అన్నది అందులో ముఖ్యమైన మాట. నేను పనిచేసినన్నాళ్లూ ఆ మాట పట్టుకునే పనిచేశాను. ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో కూడా కనుక్కో, ఉంటే ముందే అనుమతి తీసుకోవాలి.

పని మొదలయ్యే ముందు ప్రతి గోడనూ ఫొటో తీసి పెట్టు. మెగ్గర్ రీడింగులు రాగానే ఆ కాగితం నాకు పంపు, ఏ సర్క్యూట్ ఉంచాలో ఏది తీసేయాలో ఇద్దరం ఫోన్లో కూర్చుని చూద్దాం.

అమ్మ