టైరు ముద్ర పడిన ముందు అద్దం, తప్పుగా ముద్రించిన స్కేలు: అంబాసిడర్ మోడల్ కిట్‌పై ఫిర్యాదు

విజయనగరం.

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ సంస్థ అమ్మిన అంబాసిడర్ కారు మోడల్ కిట్‌లో పాడైపోయిన అద్దాలు, పనికిరాని డెకాల్స్ (నీళ్లలో తడిపి అతికించే స్టిక్కర్లు), పెట్టెపై తప్పుగా వేసిన స్కేలు (అసలు కారులో మోడల్ ఎన్నో వంతో చెప్పే కొలత) గురించి.

అయ్యా,

మీ సంస్థ తయారుచేసి, మీ సొంత వెబ్‌సైట్‌లోనే అమ్ముతున్న, విడిభాగాలను అతికించి కారు బొమ్మ కట్టుకునే అంబాసిడర్ ప్లాస్టిక్ కిట్‌ను నేను 4,800 రూపాయలు చెల్లించి కొన్నాను. పార్సిల్ మా ఇంటికి చేరిన రోజే లోపాలను గమనించి, ఫోటోలు తీసి మీ సేవా విభాగానికి పంపాను. వారి నుంచి వచ్చిన జవాబులు సమస్యను తీర్చకపోగా, సర్దుకుపోవలసింది కొన్నవాడే అన్న ధోరణిలో ఉన్నందువల్ల ఈ లేఖను నేరుగా మీకు రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందు అద్దం. కిట్‌లోని టైర్లనూ, అద్దాల స్ప్రూనూ (భాగాలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీరు ఒకే సంచిలో వేసి సీలు చేశారు. మెత్తటి వినైల్ టైరు కిట్ భాగాలు పోసే గట్టి ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌కు ఆనుకుని ఉంటే, టైరును మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే పదార్థం మెల్లగా ఆ ప్లాస్టిక్‌లోకి దిగి దాన్ని మెత్తబరుస్తుందనీ, వేడిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుందనీ మోడల్ కార్లు కట్టేవారిలో చాలామందికి తెలుసు. తయారుచేసే మీకు తెలియదని నేను అనుకోలేను. సంచి విప్పేసరికి ఒక టైరు ముందు అద్దానికి అతుక్కుపోయి ఉంది. దాన్ని వేలితో నెమ్మదిగా విడదీస్తే, సరిగ్గా డ్రైవరు కూర్చునే కుడివైపున, టైరు గాళ్లు అద్దంలోకి దిగబడి కనిపించాయి. కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే వంపు తిరిగిన ఆరేడు గీతలు, వాటి చుట్టూ పాలపొర కమ్మినట్టు మసక. వేలు పెట్టి రాస్తే ఒక్కో గీత దగ్గరా గోరు ఆగుతోంది. వెనక అద్దం అంచున కూడా ఇలాంటి మచ్చే ఉంది కానీ, అది రబ్బరు బీడింగుకు వేసే నల్లరంగు కింద పోతుంది కాబట్టి దాన్ని నేను పట్టించుకోవడం లేదు.

దీనికి మీ ప్రతినిధి ఇచ్చిన సలహా ఏమిటంటే, ఎమరీ పేపరుతో రుద్ది పాలిష్ చేసుకోవాలని, ఈ హాబీలో అది మామూలేనని. పైపై గీతలైతే 2000 నంబరు కాగితంతో నీళ్లు పోసి రుద్ది, క్రమంగా ఇంకా సన్న కాగితాలకు వెళ్లి, చివర పాలిషింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టడం నాకు అలవాటైన పనే. కానీ ఈ మచ్చ పైన లేదు. ప్లాస్టిక్ లోపలికంటా మెత్తబడిపోయింది. అది పోయేంతవరకు రుద్దితే ఆ భాగంలో అద్దం పలచబడి, వంపు మారి, లోపలి వస్తువులు వంకరగా కనబడతాయి. అంబాసిడర్ ముందు అద్దం రెండు వైపులా వంగి ఉండే ఒకే పలక కావడంతో, ఆ వంకర ఏ కోణం నుంచి చూసినా దాగదు. అచ్చు చేసుకుని పారదర్శక షీటును వేడిచేసి దానిమీద వంచి కొత్త అద్దం చేసుకోవచ్చు కదా అని కూడా మీ ప్రతినిధి అన్నారు. అలా చేసేవారు ఉన్నారు, నిజమే. కానీ ఆ పని చేయవలసి వస్తుందని పెట్టె మీద రాసి ఉంటే నేను ఈ కిట్ కొనేవాడినే కాదు.

ఈ ఒక్క అద్దం కోసం ఇంత పట్టుబట్టడానికి కారణం చెప్పాలి. మా నాన్నగారు చాలా ఏళ్లు విజయనగరం నుంచి సాలూరు వైపు అంబాసిడర్ టాక్సీ నడిపారు. 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో ఆ కారు తయారీ ఆగిపోయింది. మా కారు అంతకుముందే చేతులు మారిపోయింది. మిగిలింది కొన్ని ఫోటోలు. వాటిని చూసి ఆ కారును ఉన్నది ఉన్నట్టుగా కట్టాలన్నది నా సంకల్పం. పైన పెళ్లి సామాన్లు కట్టే క్యారియరును ఇత్తడి తీగతో అతికి సిద్ధం చేశాను. వెనక కిటికీలకు తెరలు, సీట్లకు గళ్ల కవర్లు, డాష్‌బోర్డు మీద అగ్గిపుల్ల తల కంటే కొంచెం పెద్దదైన పైడితల్లి అమ్మవారి పటం, దాని కింద పూలదండ, ఇవన్నీ ఇప్పటికే తయారైపోయాయి. మా నాన్నగారు ఆ పటాన్ని స్టీరింగుకు ఎదురుగానే పెట్టుకునేవారు. మోడల్ పూర్తయ్యాక అది కనబడే దారి ఆ ముందు అద్దం ఒక్కటే, అందులోనూ ఇప్పుడు మచ్చ పడిన కుడివైపే. కారును నాకు కావలసినట్టు మార్చుకునే శ్రమ నాది, దాన్ని నేను సంతోషంగా పడతాను. అద్దాన్ని అద్దంలా అందించే బాధ్యత మాత్రం మీది.

రెండో విషయం స్కేలు. పెట్టె మీద, వెబ్‌సైట్‌లో, సూచనల పత్రంలో మీరు 1:24 అనే ముద్రించారు. అసలు అంబాసిడర్ వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2,464 మిల్లీమీటర్లు, పొడవు 4,325 మిల్లీమీటర్లు. 1:24 లెక్కన మోడల్‌లో వీల్‌బేస్ 102.7, పొడవు 180 మిల్లీమీటర్లు రావాలి. మీ కిట్‌లో బాడీని, ఛాసిస్‌ను వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే వీల్‌బేస్ 98.5, పొడవు 173 వచ్చాయి. వెడల్పు కూడా అదే దామాషాలో తగ్గింది. ఇది అచ్చులో వచ్చిన చిన్న తేడా కాదు. అచ్చంగా 1:25 స్కేలు. అమెరికన్ కంపెనీల కార్ల కిట్లు ఎక్కువగా 1:25లో, జపాన్ వారివి ఎక్కువగా 1:24లో రావడం ఈ హాబీలో అందరూ ఎరిగినదే, రెండింటిలో దేనికీ లోపం లేదు. ఏ స్కేలో ఉన్నదున్నట్టు చెప్పడమే కావలసింది. నాలుగు మిల్లీమీటర్లకే ఇంత గొడవా అని మీ ప్రతినిధి ఫోనులో అడిగారు. మీ ప్రకటనను నమ్మి 1:24కు సరిపోయే చక్రాలను, ఎచ్చింగ్ చేసిన (రసాయనంతో కోసిన) ఇత్తడి వైపర్లను విడిగా కొన్నాను. ఆ చక్రాలు మడ్‌గార్డులకు ఒరుసుకుంటున్నాయి, వైపర్లు అద్దం అంచు దాటిపోతున్నాయి. వాటి రసీదు ఈ లేఖకు జతపరిచాను.

డెకాల్స్ గురించి క్లుప్తంగానే చెబుతాను. నంబరు ప్లేటు అక్షరాలను గోరువెచ్చని నీళ్లలో వేయగానే ముక్కలైపోయాయి. ముందే పైన క్లియర్ కోటు (రంగులేని పూత) వేసుకుంటే నిలుస్తాయన్నది ఏళ్ల తరబడి అటక మీద ఉన్న పాత కిట్లకు చెప్పే ఉపాయం. కొత్తగా విడుదల చేశామని ప్రకటించిన కిట్‌కు మీ ప్రతినిధి అదే సలహా ఇవ్వడం న్యాయం కాదు.

లోపలి సంచులు విప్పారు కాబట్టి వాపసు కుదరదన్న మీ ఆఖరి ఈమెయిలు నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. టైరు అద్దానికి అతుక్కుందని సంచి విప్పకుండా ఎలా తెలుస్తుంది? ఛాసిస్‌ను చేతిలోకి తీసుకోకుండా వీల్‌బేస్ ఎలా కొలుస్తారు? ఒక్క భాగాన్ని కూడా నేను స్ప్రూ నుంచి కత్తిరించలేదు, జిగురు గానీ రంగు గానీ వేయలేదు. టమియా వంటి జపాన్ కిట్ల సంస్థ తన కిట్లకు విడిభాగాలను విడిగా అమ్ముతుంది. మన దేశపు కారును మన కోసం కిట్‌గా తెచ్చిన మీరు కనీసం పాడైన స్ప్రూనైనా మార్చి ఇస్తారని ఆశించడం అత్యాశ కాదని నా నమ్మకం.

ఆలస్యం వల్ల నాకు జరిగే నష్టం కూడా ఉంది. మా వైపు వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ, లాకర్ అనే త్వరగా ఆరే రంగు కొడితే పొర తెల్లబారిపోతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వెళ్లి, ఆ తర్వాత వచ్చే తుపాను వానలు కూడా దాటాక, చలి ముదిరిన రోజుల్లోనే బాడీకి రంగు, దానిపై క్లియర్ కోటు కుదురుగా పడతాయి. ఆ అదను పోతే మళ్లీ ఏడాది ఆగాలి.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం లోపమున్న వస్తువును గానీ, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోవడానికి మీరు నిరాకరించకూడదు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. కాబట్టి ఆ గడువులోగా అద్దాల స్ప్రూను టైర్లకు తగలకుండా వేరు సంచిలో పెట్టి, కొత్త డెకాల్ షీటుతో సహా ఉచితంగా పంపాలని, చక్రాలకు, వైపర్లకు నేను పెట్టిన ఖర్చు ఇవ్వాలని, పెట్టె మీద, వెబ్‌సైట్‌లో స్కేలును 1:25గా సరిదిద్ది ఇంతకుముందు కొన్నవారికి కూడా ఆ సంగతి తెలియజేయాలని కోరుతున్నాను. ఈ భాగాలు మీ దగ్గర లేకపోతే కిట్‌ను మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము, పై ఖర్చుతో కలిపి చెల్లించాలి. అయితే నాకు కావలసింది డబ్బు కాదని, ఆ అద్దమేనని మరోసారి మనవి చేస్తున్నాను.

గడువులోగా జవాబు రాకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద నా నివాస జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేస్తాను. బిల్లు, అద్దం ఫోటోలు, కాలిపర్ కొలతల ఫోటోలు, మీ ఈమెయిళ్ల నకళ్లు ఇందుతో పంపుతున్నాను. పాడైన స్ప్రూను, ఆ టైరును, అవి వచ్చిన సంచిని అలాగే భద్రపరిచాను. అడిగితే పరీక్షకు పంపగలను.

ఇట్లు,
భవదీయుడు,
మీ కిట్ కొనుగోలుదారు,
విజయనగరం.