గ్రేడ్ 2 అని తేలిగ్గా తీసుకోకు

చిన్నా,

మీ ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టు అమ్మ ఫోన్‌లో చూశాను. ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2 అని ఉంది. "మా టీమ్‌లో సగం మందికి ఉంది, టెన్షన్ పడకండి" అన్నావట. ఉండొచ్చు. పదిమందికి ఉన్నంత మాత్రాన అది చిన్న విషయం అయిపోదు కదా. ఫోన్‌లో చెబితే "సరే నాన్నా" అని పెట్టేస్తావని ఇలా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మీ బాబాయికి సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు, అని తెలిసినప్పుడు ఊళ్లో "చాటుగా తాగేవాడేమో" అన్నవాళ్లే ఎక్కువ. వాడు జన్మలో చుక్క ముట్టలేదు. వాడికి ఉన్నవల్లా షుగరు, పొట్ట, కూర్చుని చేసే వ్యాపారం. జబ్బు కంటే ఆ మాటలే మీ పిన్నిని ఎక్కువ ఏడిపించాయి. లివర్ చెడిందంటే తాగుడే అన్న ఈ నమ్మకం పోవాలిరా. దాన్ని పట్టుకునే తాగనివాళ్లంతా తమకేం కాదని ధీమాగా ఉంటున్నారు.

మద్యం పెద్ద కారణమే, కాదనను. కానీ సిరోసిస్ హెపటైటిస్ బి, సి వైరస్‌లతోనూ వస్తుంది. లివర్‌లో పేరుకున్న కొవ్వుతో వస్తుంది. అరుదుగా, ఒంట్లో రాగి బయటికి పోక పేరుకుపోయే విల్సన్ జబ్బుతోనూ వస్తుంది. ఎలా మొదలైనా లోపల జరిగేది ఒకటే. లివర్‌లో విటమిన్ ఎ దాచిపెట్టే కణాలు కొన్ని ఉంటాయి. లివర్ ఏళ్ల తరబడి దెబ్బ తింటూ ఉంటే ఆ కణాలు తమ పని మానేసి కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం తయారు చేయడం మొదలుపెడతాయి. మోకాలి మీద గాయం మానిన చోట మచ్చ గట్టిపడినట్టు లోపల మచ్చలు కడతాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి, మధ్యలో మిగిలిన లివర్ గడ్డలు గడ్డలుగా విడిపోతే అదే సిరోసిస్. లివర్‌కు చేరే రక్తంలో ముప్పావు వంతు పేగుల వైపు నుంచి పోర్టల్ సిరలో వస్తుంది. ఆ రక్తానికి దారి ఇరుకైతే ఒత్తిడి వెనక్కి తంతుంది. ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అన్నవాహికలో సిరలు ఉబ్బి, పగిలితే రక్తపు వాంతులవుతాయి. పొట్టలో నీరు చేరుతుంది.

ఇదంతా చడీచప్పుడూ లేకుండా జరుగుతుంది. బాబాయికి జబ్బు బయటపడటానికి చాలా ముందే, హెర్నియా ఆపరేషన్ కోసం చేసిన రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు లక్షకు లోపు ఉన్నాయి. ఎప్పుడో డెంగ్యూ వచ్చి ఉంటుందని ఎవరో చెబితే బొప్పాయి ఆకు రసం తాగాడు. లివర్ సంగతి ఎవరికీ తట్టలేదు. నొప్పి లేదు, కామెర్లు లేవు, ఆకలి బాగానే ఉంది.

తర్వాత ఒక రాత్రి రెండింటికి లేచి, పళ్లు తోముకుని, చొక్కా తొడుక్కుని షాపు తాళాలు ఇమ్మన్నాడు. పిన్ని అడ్డుపడితే ఆవిడ ఎవరో తెలియనట్టు చూశాడు. ఆస్పత్రిలో డాక్టరు చేతులు ముందుకు చాచి మణికట్లు పైకి వంచమన్నాడు. అలా ఉంచలేకపోయాడు. అరచేతులు టప్‌మని కిందికి పడటం, మళ్లీ లేవడం, మళ్లీ పడటం. లివర్ శుభ్రం చేయాల్సిన అమ్మోనియా మెదడుకు ఎక్కితే అలా అవుతుందట. మూడు రోజులుగా విరేచనం కాకపోవడం దాన్ని పెంచింది. విరేచనం చేయించే లాక్టులోజ్ సిరప్ పడ్డాక మర్నాటికి మనిషి మామూలయ్యాడు. పైగా "లివర్ జబ్బుకి పప్పు, గుడ్డు పడవు" అని చుట్టాలు మాన్పించారు. కండ కరిగిపోతుంటే ప్రోటీన్ ఎందుకు ఆపారని డాక్టరు కోప్పడ్డాడు. తగ్గించాల్సింది ఉప్పు. అంటే మన ఇంట్లో ఆవకాయ, అప్పడాలు.

నీరు చేరడం, రక్తపు వాంతి, కామెర్లు, మతి తప్పడం, వీటిలో ఏదీ రానంతవరకు సిరోసిస్ ఉన్నా సగటున 12 ఏళ్లకు పైగా బతుకుతారు. ఒక్కటి మొదలైతే అది సుమారు 2 ఏళ్లకు పడిపోతుంది. ఆ తర్వాత దారి చాలామందికి ట్రాన్స్‌ప్లాంటే.

ఇప్పుడు నీ సంగతి. గ్రేడ్ 2 అంటే కొవ్వు ఎంత ఉందో చెప్పే మాట, మచ్చ ఎంత పడిందో అది చెప్పదు. లివర్ దెబ్బ తింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉన్నా లోపల మచ్చ ఉండొచ్చు. మచ్చ ఎంతుందో అంచనా వేయడానికి వయసు, ఎస్‌జీపీటీ, అలాంటిదే ఇంకొకటైన ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లతో వేసే ఫిబ్-4 అనే లెక్క ఉంది కానీ 35 లోపు వాళ్లకి అది అంతగా నమ్మదగ్గది కాదు. అందుకని గ్యాస్ట్రో డాక్టర్ని కలిసి లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ గురించి అడుగు. సూది లేదు, పది నిమిషాల పని. కొవ్వుతో పాటు వాపు కూడా ఉన్నవాళ్లలో మచ్చ ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లడానికి సగటున ఏడేళ్లు పడుతుంది. నీకున్న అవకాశం ఆ ఏళ్లే. బరువులో 10 శాతం తగ్గితే వాపు చల్లారడమే కాదు, చాలామందిలో మచ్చ కూడా కొంత వెనక్కి వస్తుంది. నీకు అది ఎనిమిది కిలోలు. రాత్రి పదకొండుకి బిర్యానీ ఆర్డర్ చేయడం మానితే సగం పని అక్కడే అవుతుంది. వీకెండ్ బీరు కూడా వద్దు. కొవ్వున్న లివర్‌కి మద్యం తోడైతే నష్టం రెండూ విడివిడిగా చేసే దానికంటే ఎక్కువ.

ఇంకో పరీక్ష కూడా చేయించు, హెచ్‌బీఎస్ఏజీ. ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చెప్పే రక్తపరీక్ష అది. నువ్వు 1993లో పుట్టావు. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకాను చవగ్గా తెచ్చింది 1997లో. ప్రభుత్వ టీకాల్లో అది దేశమంతటా చేరింది 2011లో. నీ చిన్నప్పటి కార్డులో ఆ టీకా లేదు, వెతికి చూశాను. నెగెటివ్ వస్తే మూడు డోసులు వేయించుకో.

కడుపుతో ఉన్న మా కోడలు అమ్మాయికి ఈ నెల చెకప్‌లో అదే పరీక్ష చేశారో లేదో అడుగు. పుట్టేటప్పుడు తల్లి నుంచి ఆ వైరస్ సోకితే పదిమంది బిడ్డల్లో తొమ్మిదిమందికి అది ఒంట్లోనే ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురికి కూడా ఉండదు. రిపోర్టు ఏదైనా సరే, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి. తల్లికి పాజిటివ్ ఉంటే దానితో పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్ కూడా. కాన్పు చేసే డాక్టరమ్మతో ఈ మాట ముందే మాట్లాడి పెట్టుకో.

మీ నాన్న