సౌండ్ సెట్టింగులకు కీబోర్డు దారి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ కంప్యూటర్ శీర్షికలో ల్యాప్‌టాప్ సౌండ్ సెట్టింగుల గురించి రాశారు. మా తమ్ముడు చదివి వినిపించాడు. కింద కుడి మూలన స్పీకర్ బొమ్మ ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ చేయండి, పక్కన కనిపించే బాణం గుర్తు నొక్కండి అంటూ చివరి దాకా అదే తీరు. నాకు పుట్టుకతోనే చూపు లేదు. నల్లగొండలో మా ఇంట్లోనే ఒక గదిలో మైకు పెట్టుకుని భజన మండళ్ల పాటలు, ఒగ్గు కథలు రికార్డు చేసి ఇస్తుంటాను, చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివించి ఆడియో చేస్తుంటాను. పొద్దున లేస్తే సౌండ్ సెట్టింగులతోనే పని నాకు. అయినా అంత పెద్ద వ్యాసంలో నాకు పనికొచ్చే వాక్యం ఒక్కటీ లేదు, అదే నా బాధ.

నిజానికి ఆ పనంతా కీబోర్డుతో ఇంకా తొందరగా అవుతుంది. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎం ఎం ఎస్ వై ఎస్, చుక్క, సి పి ఎల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కితే సౌండ్ విండో నేరుగా తెరుచుకుంటుంది. విండోస్ 7లోనూ ఇదే, 10లోనూ, 11లోనూ ఇదే, బొమ్మలు ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చినా ఈ దారి మాత్రం మారలేదు. ఆ విండోలో ప్లేబ్యాక్ పేజీ నుంచి రికార్డింగ్ పేజీకి పోవడానికి కంట్రోల్ ట్యాబ్, కావలసిన స్పీకరో మైకో ఎంచుకోవడానికి బాణం కీలు, దాన్నే డిఫాల్ట్ చేయడానికి ఆల్ట్ ఎస్. ఆల్ట్ పి కొడితే ప్రాపర్టీస్ వస్తాయి, అక్కడ అడ్వాన్స్‌డ్ పేజీలో 44100, 48000 లాంటి శాంపిల్ రేట్లు, అంటే సెకనుకు సౌండును ఎన్నిసార్లు కొలవాలో చెప్పే అంకెలు కూడా బాణం కీతోనే మార్చుకోవచ్చు. ఇప్పటి విండోస్ 11లో అయితే విండోస్, కంట్రోల్, వి కలిపి నొక్కగానే సౌండ్ ఎందులోంచి రావాలో అడిగే జాబితా వస్తుంది. రికార్డింగ్‌కు వాడే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో షిఫ్ట్ ఐ కొడితే మైకు, షిఫ్ట్ ఓ కొడితే స్పీకరు ఎంచుకోవచ్చు.

ఇది మాకు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. నేను వాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి చెప్తుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని ఆయన 2006లో మొదలుపెట్టాడు, పూర్తిగా ఉచితం, దాంతోపాటే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. అంటే సౌండ్ పోతే నాకు తెర కూడా పోయినట్టే.

చెరువుగట్టు జాతరకు ముందు ఒకసారి ఇట్లాగే అయింది. నకిరేకల్ నుంచి భజన బృందం వచ్చి కూర్చుంది, వాళ్లకు పాట మాటలు పెద్దగా కనపడాలని ల్యాప్‌టాప్‌కు టీవీ వైరు పెట్టాం, అంతే, సౌండంతా టీవీకి పోయింది, టీవీ వాల్యూమేమో సున్నా మీద ఉందని ఎవరికీ తెలియదు. నాకు ఒక్క మాట వినపడటం లేదు, టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి. వచ్చినవాళ్లకు కళ్లున్నాయి కానీ తెర మీద ఇంగ్లిష్ చదవడం రాదు. గుర్తున్న కీలనే నమ్ముకుని ఆ విండో తెరిచి, కింది బాణం ఒకసారి, ఆల్ట్ ఎస్, ఏమీ లేదు. మళ్లీ కింది బాణం, ఆల్ట్ ఎస్. గొంతు వచ్చింది! ఆ కీలు రాకపోతే ఆ రోజు రికార్డింగ్ లేదు, డబ్బులూ లేవు.

ఈ కీలు నాకు ఏ సెంటర్లోనూ నేర్పలేదు. పదిహేనేళ్ల కింద ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు పోతే "మౌస్ పట్టరాకుంటే కంప్యూటర్ ఎట్ల వస్తది తమ్మీ" అని కట్టిన ఫీజు తిరిగి ఇచ్చి పంపించారు. తర్వాత మహబూబ్‌నగర్‌లో ఉండే నాలాంటి స్నేహితుడే రోజూ రాత్రి ఫోన్లో రెండు మూడు కీలు చెప్పి నేర్పాడు.

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు కూడా ఒక మాట. మైకులను కంప్యూటర్‌కు కలపడానికి నేను కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో తిప్పుడు గుండీలన్నీ ఉత్త బొమ్మలే, ట్యాబ్ కొట్టినా వాటి దగ్గరికి పోదు, స్క్రీన్ రీడర్ వాటి పేరు చెప్పదు. ఏ మైకు ఏ చానల్‌కు పోవాలో మార్చాలంటే ఇప్పటికీ పక్కింటి పిల్లాడు బడి నుంచి రావాలి. రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగేలా దొరికేట్టు ప్రభుత్వం చూడాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్‌లో ఉంది. డబ్బులు అందరితో సమానంగా పెట్టి కొన్నవాడిని, ఆ మాత్రం అడగడం తప్పు కాదనుకుంటాను.

మీరు మౌస్ సంగతి మానేయమని అడగడం లేదు. ప్రతి మెట్టు దగ్గర ఏ కీ నొక్కాలో ఇంకో లైను వేయండి. చేయి వణికే పెద్దవాళ్లకూ, టచ్‌ప్యాడ్ పాడైన ల్యాప్‌టాప్‌తో ఫంక్షన్ హాళ్లలో సౌండ్ నడిపే పిల్లలకూ అక్కరకొస్తుంది. అచ్చు వేసే ముందు నాకు పంపితే ప్రతి కీ స్క్రీన్ రీడర్‌తో నొక్కి చూసి, పనిచేస్తుందో లేదో చెప్తాను, దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు. ముందు ఆ సౌండ్ సెట్టింగుల వ్యాసమే కీలతో మళ్లీ ఒకసారి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నల్లగొండ