అది కుట్టు కాదు, నేత

సంపాదక మహాశయులకు నమస్కారం.

బెంగళూరు ఇళ్ల గోడల మీద కనిపిస్తున్న గ్వాటెమాలాలోని మాయా ఆదివాసుల వస్త్రాల గురించి మీ ఆదివారం అనుబంధంలో రాసినందుకు సంతోషం. అయితే ఒక మాట సరిదిద్దాలి. ఫొటోలోని, అక్కడి కోమలాపా ఊరి వీపిల్ (ఆడవాళ్లు తొడిగే రవికె) మీది బొమ్మలను ఎంబ్రాయిడరీ అన్నారు. శాంటియాగో అతిత్లాన్‌లో పక్షుల్ని సూదితోనే కుడతారు, నిజమే. కోమలాపాలో మాత్రం బొమ్మ మగ్గం మీదే పుడుతుంది.

ఆ మగ్గానికి చట్రం ఉండదు. పడుగు (నిలువు పోగులు) ఒక కొస చెట్టుకో స్తంభానికో, రెండో కొస నేసే మనిషి నడుముకు. వెనక్కి ఒరిగితే పడుగు బిగుస్తుంది, పోగులు లేపాలంటే కాస్త ముందుకు వంగి సడలించాలి. పేక (అడ్డ పోగు) లాగి వేస్తే పన్నా తగ్గిపోతుంది. అందుకే గుడ్డ అడుగున అడ్డంగా పుల్ల పెట్టి అంచులు చాచి ఉంచుతారు. నేసేకొద్దీ దాన్ని ముందుకు జరుపుతారు.

బొమ్మకు పడుగు పోగులు లెక్కపెట్టి, నేల పేకతో (అసలు గుడ్డను నేసే పేకతో) పాటు రంగు పోగు దూర్చి, బొమ్మ అంచు దగ్గరే వెనక్కి తిప్పుతారు. ఉప్పాడ జాందానీ ఎరిగినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. లెక్క ఒక్క పోగు తప్పితే ఆ వరుస నుంచి బొమ్మ పక్కకు జరుగుతుంది. అక్కడిదాకా విప్పుకోవలసిందే.

గుర్తుపట్టాలంటే భూతద్దం పెట్టి చూడండి. కుట్టు పోగు ఏ దిక్కుకైనా పోతుంది, నేల పోగుల్ని చీలుస్తుంది. నేసిన పోగు పేక వెంబడే నడుస్తుంది. తిరగేసి చూస్తే చాలదు: శాన్ ఆంతోనియో ఆగువాస్ కాలియెంతెస్‌లో మార్కదోర్ అనే పద్ధతిలో బొమ్మ రెండు వైపులా ఒకేలా వస్తుంది.

ఇంకో గుర్తు, నాలుగు వైపులా నేత అంచే ఉండటం. ఒక కొస నుంచి కొంత నేసి, మగ్గం తిప్పి రెండో కొస నుంచి నేస్తూ వచ్చి కలుపుతారు. కలిసే చోట పోగుల మధ్య సందు మిగలదు, పేక చుట్టిన కర్ర దూరదు, పేకను సూదితో ఎక్కించాలి. అందుకే అక్కడ కొద్ది వేళ్ల మేర నేత పలచగా కనిపిస్తుంది. లోపం అనుకోకండి, చేతి నేతకు అదే రుజువు. ఇలాంటి వీపిళ్లను కత్తిరించి దిండు గలీబులు, సంచులు కుడుతున్నారు. తెగిన చోట పోగులు ఊడిపోతాయి. అంత పని కత్తెర పాలు కావడం బాధగా ఉంటుంది.

శాన్ పెద్రో లా లగూనాకు చెందిన ఆంతోనియో పిచియా, కోమలాపాకు చెందిన ఆంహెలికా సెరెచ్ లాంటి నేటి కళాకారులు ఈ నేతనే గోడకు వేలాడే కళగా మలుస్తున్నారు. అలాంటిది కొన్నవాళ్లు మూలలకు మేకులు కొట్టవద్దు, బరువంతా అక్కడే పడి గుడ్డ సాగుతుంది. వెనక పై అంచు పొడవునా నూలు పట్టీ గొట్టంలా కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీయాలి. ఎండ తగలనివ్వకండి. తడి తెల్లగుడ్డ అద్ది, రంగు దిగుతుందో లేదో చూశాకే ఉతకడం మాట.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. తమ నమూనాలపై సామూహిక హక్కు కోసం మాయా నేతకారిణులు 2016లో గ్వాటెమాలా రాజ్యాంగ న్యాయస్థానం తలుపు తట్టారు. 'మాయా డిజైన్' అని ఊరుకుంటే ఆ ఊళ్లకు దక్కేదేమీ లేదు. ఇకపై ఫొటో కింద ఊరి పేరు, తెలిస్తే నేసినవారి పేరు వేయమని కోరుతున్నాం.

— వస్త్రకళ అధ్యాపకులు, జయనగర్, బెంగళూరు