రాయల్టీ మీ దానం కాదు: సిమెంటు కంపెనీకి ఫిర్యాదు

జనరల్ మేనేజర్ గారికి,
సున్నపురాయి గనుల విభాగం.

విషయం: చట్టప్రకారం కట్టాల్సిన రాయల్టీని, ఖనిజ నిధి వాటాను గ్రామాభివృద్ధి ఖర్చుగా చూపడంపై ఫిర్యాదు.

అయ్యా,

గని విస్తరణపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగిన రోజు మీ సిబ్బంది ఊరందరికీ ఒక రంగుల పుస్తకం పంచారు. అందులో గ్రామాభివృద్ధికి మీరు చేసిన ఖర్చు అంటూ ఒక పేజీ ఉంది. బడి గోడలకు వేయించిన రంగులు, కంటి శిబిరం, మంచినీటి ట్యాంకు ఫొటోలు వేసి, కింద పెద్ద అక్షరాలతో ఒకే మొత్తం అచ్చు వేశారు. పేజీ అడుగున, చత్వారం వచ్చినవాళ్లకు కనబడనంత సన్నగా, ఆ మొత్తంలో రాయల్టీ, జిల్లా ఖనిజ నిధి వాటా కూడా కలిసి ఉన్నాయని రాశారు. నా అభ్యంతరం ఆ వాక్యం మీదే.

మా పల్నాడులో కౌలు రైతు పంట రాగానే కౌలు కడతాడు. కట్టి, భూస్వామికి సాయం చేశానని చెప్పుకోడు. గని లీజు ఇచ్చింది ప్రభుత్వం, తీసుకున్నది మీరు. తవ్విన రాయికి మీరు కట్టేదే రాయల్టీ. అది పన్ను కాదని, లీజు తీసుకున్నవారు ఖనిజ హక్కుకు చెల్లించే ప్రతిఫలమని 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1 మెజారిటీతో తేల్చింది. ఖనిజ హక్కులపై విడిగా పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని కూడా అదే తీర్పు చెప్పింది. అలాంటి సొమ్మును ఉపకారంగా చూపడం రాష్ట్ర ఖజానాను, మమ్మల్ని కూడా చిన్నబుచ్చడమే.

పోనీ, అదేమైనా మోయలేని భారమా అంటే లెక్క చూడండి. సిమెంటుకు వాడే సున్నపురాయికి 2014లో కేంద్రం నిర్ణయించిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. సున్నపురాయిని కాల్చి తీసే గడ్డలను క్లింకర్ అంటారు, దాన్ని పొడి చేస్తేనే సిమెంటు. టన్ను క్లింకర్‌కు సుమారు ఒకటిన్నర టన్నుల రాయి పడుతుంది. ఆ లెక్కన 50 కిలోల సిమెంటు బస్తా మీద రాయల్టీ సుమారు ఆరు రూపాయలు.

ఖనిజ నిధి సంగతీ ఇంతే. 2015లో గనుల చట్టాన్ని సవరించి, తవ్వకాల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే దాన్ని పెట్టారు. ఆ ఏడాది జనవరి 12కు ముందు పొందిన లీజులపై రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో దక్కిన వాటిపై 10 శాతం దీనికి జమ చేయాలి. 30 టన్నుల టిప్పర్‌కు రాయల్టీ 2,400 రూపాయలు. మీ లీజు పాతదైతే నిధికి 720, కొత్తదైతే 240 రావాలి. మీది ఏ లీజో పుస్తకంలో ఎక్కడా లేదు. మాకు అన్నిటికన్నా ముందు కావలసిన వివరం అదే.

కంపెనీల సామాజిక బాధ్యత వేరే పద్దు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే సంస్థ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం అందుకు ఖర్చు చేయాలి. ఇతర చట్టాల కింద ఎలాగూ చేయాల్సిన పనులు ఆ ఖర్చులోకి రావని నిబంధనలే చెబుతున్నాయి.

ఈ పద్దులు కలిపేస్తే నష్టపోయేది మేము. సభలో గని రోడ్డు పక్క రైతు ఒకాయన మిరప ఆకులు కోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. వేలితో రుద్దితే తెల్లటి పొడి లేచింది, దాని కింద గానీ ఆకు రంగు తెలియలేదు. రోడ్డు మీద రోజూ నీళ్లు చల్లించమని అడిగితే, మీ అధికారి ఈ పుస్తకమే తెరిచి ఆ మొత్తం చూపించారు. ఆ రైతు అడిగిన దానికి అది జవాబు కాదు. దుమ్ము లేవకుండా చూడటం మీ బాధ్యత, రాయల్టీ కట్టినంత మాత్రాన అది తీరదు.

కాబట్టి ఆ పేజీని ఉపసంహరించి రాయల్టీ, ఖనిజ నిధి వాటా, సామాజిక బాధ్యత ఖర్చు మూడూ ఏడాదివారీగా విడివిడిగా చూపుతూ మళ్లీ అచ్చు వేయించి, పంచిన ప్రతి ఇంటికీ ఇవ్వండి. లీజు తేదీ కూడా అందులో ఉండాలి. నెలనెలా కాటా దాటిన రాయి ఎన్ని టన్నులో, దానికి కట్టిన రాయల్టీ ఎంతో గని గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టండి. విస్తరణ అనుమతికి మీరు పంపే తుది నివేదికలో పాత మొత్తం చేరకముందే ఈ సవరణ జరగాలి. మీ జవాబు లిఖితపూర్వకంగా మా పంచాయతీ కార్యాలయానికి పంపగలరు.

ఇట్లు,
గని పక్క గ్రామ రైతు

ప్రతులు: జిల్లా కలెక్టర్, గనుల శాఖ జిల్లా అధికారి, కాలుష్య నియంత్రణ మండలి