ప్రభుత్వం మారితే పనులు ఆగాలా?
ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారిన ప్రతిసారీ సగంలో ఉన్న పనులు ఎక్కడివక్కడే ఆగిపోతున్నాయి. 2019లో 151 స్థానాలతో ఒక పార్టీ వచ్చింది, 2024లో 164 స్థానాలతో కూటమి వచ్చింది. తీర్పు ప్రజల ఇష్టం. కానీ 2019లో మూతపడ్డ అన్న క్యాంటీన్లు మళ్లీ తెరుచుకోవడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. ఇన్నేళ్లూ ఆ అయిదు రూపాయల భోజనం పోగొట్టుకున్నది కూలీలే. మా ఊళ్లో స్లాబు దాకా వచ్చిన ఒక భవనం ఎన్నికల తర్వాత అలాగే ఉండిపోయింది. పిల్లర్ల చువ్వలు తుప్పుపట్టాయి, లోపల తుమ్మ మొక్కలు మొలిచాయి, పిల్లలు అక్కడే ఆడుతుంటే మాకు టెన్షన్. టెండరు పూర్తయి, నిధులు కేటాయించిన పనిని అసెంబ్లీలో కారణం చెప్పి ఆమోదం పొందకుండా ఏ కొత్త ప్రభుత్వమూ ఆపకూడదని చట్టం తేవాలి. ముందుగా, ఆగిన పనుల జాబితాను మండలాలవారీగా బయటపెట్టాలి.