పిల్లల చెవి కారుతుంటే నూనె పోయకండి

సంపాదకుల వారికి,

వానలు మొదలై బడులు తెరిచాక జలుబులతో పాటు పిల్లల్లో చెవిపోటు, చెవిలో చీము ఎక్కువవుతాయి. ‘చిన్నపిల్లలకు చెవి కారడం మామూలే, పెద్దయితే అదే పోతుంది’ అనే మాట పల్లెల్లోనే కాదు, పట్నాల్లోనూ ఇంకా వినిపిస్తోంది. పోయే జబ్బును చెవుడు దాకా తెచ్చేది ఈ నమ్మకమే. అందుకే ఈ ఉత్తరం.

ముక్కు వెనక నుంచి మధ్యచెవికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లలో అది పొడవుగా, ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది, ముక్కులోని క్రిములు సులువుగా మధ్యచెవిలోకి చేరతాయి. అక్కడ చీము పట్టి కర్ణభేరిని లోపలి నుంచి నెడుతుంది. పడుకోబెడితే బిడ్డ గుక్కపట్టి ఏడ్చేది అప్పుడే. ఒత్తిడికి కర్ణభేరి చిల్లు పడి చీము బయటికొస్తే నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది, జ్వరం దిగుతుంది, బిడ్డ నిద్రపోతుంది. తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు వైద్యం ఆపేసేది కూడా సరిగ్గా అప్పుడే.

ఆ చిల్లు చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది. అయితే లోపలి చీము పోవాలి, చెవి తడవకూడదు. చీము మొదలై 14 రోజులు దాటిందా లేదా అన్నది మొదట చూడాలి. ఆలోపైతే డాక్టర్ బిడ్డ బరువును బట్టి అమాక్సిసిలిన్ వంటి మందు, నొప్పికి పారాసిటమాల్ రాస్తారు. నొప్పి తగ్గిందని రెండో రోజే సిరప్ ఆపకూడదు, చెప్పినన్ని రోజులూ వాడాలి. 14 రోజులు దాటితే లెక్క మారుతుంది. అప్పటికి చెవిలో తరచూ సూడోమోనాస్ వంటి మొండి క్రిములు చేరి ఉంటాయి, వాటి మీద అమాక్సిసిలిన్ పనిచేయదు. మందుల షాపులో అడిగి అదే సిరప్ మళ్లీ మళ్లీ పట్టిస్తే డబ్బు దండగ. ఆ దశలో చెవి శుభ్రం చేయడం, చుక్కలు వేయడం, ఈ రెండే అసలు వైద్యం.

శుభ్రం చేయడం ఇంట్లో నేర్చుకోదగ్గ పని. సబ్బుతో చేతులు కడుక్కోండి. ఉతికి ఆరబెట్టిన మెత్తటి నూలు గుడ్డ పీలికను వత్తిలా పేని, దాని కొసను మెల్లగా చెవి రంధ్రంలో ఉంచండి. చీము పీల్చుకుని తడవగానే తీసి పారేసి కొత్తది పెట్టండి. వత్తి పొడిగా వచ్చేదాకా ఇలా మార్చాలి. రోజుకు మూడుసార్లు చేయాలి. పుల్లకు చుట్టిన దూది, ఇయర్ బడ్స్, పిన్నీసులు వద్దు. అవి చీమును లోపలికి నెడతాయి, ఉన్న చిల్లును పెద్దది చేస్తాయి. తేలిగ్గా చిరిగే టిష్యూ కాగితం ముక్కలై లోపలే ఉండిపోతుంది.

చుక్కలు ఆ తర్వాతే. చీము నిండిన చెవిలో వేసిన మందు పైపైనే ఉండి కారిపోతుంది. చుక్కలతో తగ్గలేదనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణమిదే. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని చలి విరిచాక, బిడ్డను పక్కకు పడుకోబెట్టి డాక్టర్ చెప్పినన్ని చుక్కలు వేయాలి. చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెను నాలుగైదు సార్లు నొక్కి వదిలితే మందు లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. సాధారణంగా రెండు వారాలు వాడాల్సి వస్తుంది. సిప్రోఫ్లోక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్ చుక్కలు చిల్లు ఉన్న చెవికీ సురక్షితం. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి చిల్లు గుండా లోపలి చెవికి చేరితే వినికిడి కణాలను దెబ్బతీయగలవు. గులిమి కరిగించే చుక్కలు కూడా చిల్లు ఉన్న చెవికి పనికిరావు. కాబట్టి ఇంట్లో మిగిలిన పాత సీసా ఎవరికీ వేయవద్దు.

కాచిన వెల్లుల్లి నూనె, కొబ్బరి నూనె, ఆకు పసరు, చనుబాలు ఏవీ పోయకూడదు. అవి క్రిములకు, బూజుకు మేత అవుతాయి. స్నానం చేయించేటప్పుడు దూదికి వేజ్‌లైన్ రాసి చెవి బయట మూసి, తర్వాత తీసేయండి. చెరువుల్లో, కాలువల్లో ఈతలు ఆపాలి. పసిబిడ్డకు పడుకోబెట్టి సీసాతో పాలు పట్టవద్దు, తల కాస్త ఎత్తులో ఉండాలి. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ కూడా ఈ జబ్బుకు కారణమే. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలకు ఉచితంగా వేసే న్యుమోకోకల్ టీకా చెవి ఇన్ఫెక్షన్లను కొంతవరకు తగ్గిస్తుంది.

చెంపదెబ్బ గురించీ చెప్పాలి. చెవి మీద అరచెయ్యి పడితే లోపలి గాలి ఒత్తిడికే కర్ణభేరి చిరుగుతుంది. అలా చిరిగినప్పుడు డాక్టర్ చూసేదాకా చుక్కలు కూడా వేయకూడదు, చెవి పొడిగా ఉంచితే చాలు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. దెబ్బ ఇంట్లో తగిలినా కర్ణభేరికి తేడా లేదు.

చెవి వెనక వాపు, నొక్కితే నొప్పి, మూతి ఒకవైపు లాగడం, కళ్లు తిరగడం, వాంతులతో తలనొప్పి, మెడ బిగుసుకోవడం వీటిలో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. చీము కొంచెమే ఉండి కుళ్లు వాసన వస్తుంటే ఇంకా జాగ్రత్త. అది ఎముకను తినే కొలెస్టియటోమా, అంటే మధ్యచెవిలో పెరిగే చర్మపు తిత్తి కావచ్చు. చుక్కలతో పోదు, ఆపరేషన్ కావాలి. మానని మామూలు చిల్లును కూడా చెవి పైనున్న కండరం పొరతో మూయవచ్చు. హైదరాబాద్ కోఠిలో, విశాఖలో ఇందుకు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులే ఉన్నాయి.

ఇక ప్రభుత్వాలకు మా విన్నపం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించాల్సిన జబ్బుల్లో చెవిలో చీము ఉంది. దాని బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. ప్రతి బృందం దగ్గరా పనిచేసే ఆటోస్కోప్ (చెవి లోపలికి చూసే దీపమున్న పరికరం), దాన్ని పట్టి కర్ణభేరిని చూడగల చెయ్యి ఉండాలి. పైనుంచి టార్చి వేస్తే చిల్లు కనిపించదు. వెనక బెంచీలో కూర్చుని, పిలిస్తే పలకని పిల్లవాణ్ని మొద్దు అనే ముందు అతని చెవి చూడమని ఉపాధ్యాయులకూ చెప్పాలి. వత్తి పెట్టడం ఆశా కార్యకర్తలు తల్లులకు చేసి చూపించాలి. సిప్రోఫ్లోక్సాసిన్ 0.3 శాతం చుక్కలు జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. వానాకాలానికి ముందే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ రెండు వారాల వైద్యానికి సరిపడా సీసాలు చేర్చాలి.

- కొందరు ఈఎన్‌టీ వైద్యులు, ఆడియాలజిస్టులు (వినికిడి నిపుణులు)
రాజమహేంద్రవరం